దొరగారు ఎడమకు ఒరిగారు

జూన్ 3

కొన్నాను.

రేపు నేనే మాట మార్చకుండా కారణం ఇక్కడ రాసి పెట్టుకోవడం మంచిది. ఈ బండి కొన్నది క్వారీల కోసం. కొండ మీద పది క్వారీలు, పదింటికీ కాటాలు, ఏడాదికి రెండుసార్లు ఒక్కొక్కదాన్నీ సరిచూసి నేను సంతకం పెట్టాలి. ఇరవై కిలోల తూకపు రాళ్లు పాతిక వేసుకుని ఆ గుంతల దారిలో అద్దె జీపులో వెళ్లొచ్చిన రోజున నడుము నాది కాదనిపిస్తుంది. అందుకని కొన్నాను. ఇంకే కారణమూ లేదు.

పద్నాలుగేళ్ల బండి. ఒకప్పుడు ఎవరో హోటళ్ల యజమాని తిరిగాడట. తోలు సీట్లు, లోపలంతా చెక్క నగిషీ, పైన జరిగే అద్దాల కప్పు, చలికాలంలో వీపు కాచుకోవడానికి సీటులోనే వేడి. అమ్మినవాడు "మేడమ్, ఇది బండి కాదు, బంగ్లా" అన్నాడు. పక్క వరసలో నమ్మకమైన పాత బండ్లు బుద్ధిగా నిలబడి ఉన్నాయి. మా ఆయన వాటి చుట్టూ మూడుసార్లు తిరిగొచ్చి "అవి చూడవే ఒకసారి" అని నా చెవిలో గొణిగారు. నాకు వినబడలేదు.

ఆయన బడిలో డ్రిల్లు మాస్టారు. ఇంటికొచ్చాక విజిల్ నోట్లో పెట్టుకుని బండిని గేటులోంచి వెనక్కి రప్పించారు. పీ పీ అంటే రమ్మని, పొడుగ్గా పీ అంటే ఆగమని. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి అని ఎవరికైనా చెప్తాను గానీ, డైరీలో అబద్ధమెందుకు, గొప్పగానే ఉంది.

వాకిట్లో రేకుల పందిరి కింద నాన్న పోసిన గచ్చు మీద నిలబెట్టాను. ఈ ఇంట్లో వంక పెట్టడానికి లేని చోటు అదొక్కటే. నాన్న రసమట్టం పట్టుకుని మూడు రోజులు మోకాళ్ల మీద కూర్చుని పోసిన గచ్చు. మధ్యలో నాలుగు ఎర్ర చుక్కలు. మా కొట్టులో బాగుచేసిన కాటా ఏదైనా సరే, నాలుగు కాళ్లూ ఆ చుక్కల మీద పెట్టి రాళ్లు వేసి చూడడమే. బయట ఎక్కడికి వెళ్లినా ముందు నేల చూసుకో, తర్వాతే కాటాని అను అనేది నాన్న నేర్పిన మొదటి పాఠం. ఆ చుక్కల మీద మాత్రం నేల చూసుకోనక్కర్లేదు. అది నాన్న చూసేశాడు.

జూన్ 4

పొద్దున లేచి చూస్తే బండి కూర్చుని ఉంది.

జూన్ 5

కూర్చోవడమంటే నిజంగా కూర్చోవడమే. చక్రాలు సగం లోపలికి పోయి, పొట్ట నేలకి ఆనేలా. దీనికి ఇనప స్ప్రింగులు లేవట. నాలుగు మూలలా గాలి నిండిన రబ్బరు తిత్తులున్నాయి. గాలి కారితే కూర్చుంటుంది. తాళం తిప్పితే లోపల ఎక్కడో కంప్రెసర్ మూలిగి, వెనకవైపు కాస్త, ముందువైపు కాస్త, తీరిగ్గా లేస్తుంది. ఆ లేవడం చూసి మా ఆయన పేరు పెట్టేశారు. "దొరగారు నిద్ర లేచారా? దొరగారికి టీ పంపించమంటావా?"

లేచాక కూడా ఎడమ వెనక మూల దిగే ఉన్నట్టు అనిపించింది. నాకు అనిపించడాలతో పని లేదు. పెట్టెలోంచి రసమట్టం తీసి డిక్కీ పలక మీద అడ్డంగా పెట్టాను. బుడగ నాలుగు గీతలు కుడికి పోయింది. బుడగ ఎప్పుడూ ఎత్తు వైపుకే పోతుంది, అంటే ఎడమ పల్లం.

"ఇలాంటి బండి మీద చెయ్యి వెయ్యగలిగినవాడు ఈ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు" అన్నారు మా ఆయన పేపరులోంచి తలెత్తకుండా.

"అలాగా? నాకు తెలియదు."

"తెలియదూ?"

"తెలియదంటుంటే."

తెలుసు. ఆ మెకానిక్ మా అన్నయ్య. మేం మాట్లాడుకుని తొమ్మిదేళ్లయింది.

జూన్ 7

వీపు కాచే వేడి ఆగడం లేదు. మీట నొక్కితే దీపం ఆరుతుంది, వేడి ఆరదు. ఈ జూన్ ఎండలో బజారుకి వెళ్లొచ్చేసరికి నా వీపు మీద అట్లు పోసుకోవచ్చు. బ్రేకు వేస్తే అద్దాల కప్పు మూలలోంచి నిన్నటి వాన నీళ్లు చుక్క చుక్కగా నెత్తిన పడుతున్నాయి. కింద కాలడం, పైన తడవడం. అయినా స్టీరింగ్ పట్టుకుంటే దిగబుద్ధి కాదు.

రేపు గ్యారేజీకి వెళ్తాను. కస్టమర్‌గా వెళ్తాను. డబ్బిచ్చి పని చేయించుకునే చోట బంధుత్వాలెందుకు?

జూన్ 8

వెళ్లలేదు. తలనొప్పి.

జూన్ 9

వెళ్లాను.

ఏదో బండి కిందనుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. ఎక్కడున్నా పోల్చుకోగలను ఆ కాళ్లని. చిన్నప్పుడు త్రాసు పళ్లేల్లో నన్నో పక్క, అన్నయ్యనో పక్క కూర్చోబెట్టి నాన్న తూచేవాడు. బొద్దుగా ఉండే అన్నయ్యకి మణుగు అని, ఎండుపుల్లలా ఉండే నాకు తులం అని పేర్లు. ఇంట్లో అసలు పేర్లు ఎవరూ పిలవలేదు.

బయటికి వచ్చాడు. జుట్టు సగం తెల్లబడింది. మణుగు కాదు ఇప్పుడు, చిక్కిపోయాడు. గ్యారేజీ బల్ల దగ్గర బిల్లులు రాస్తున్న వదిన చేతిలో పెన్ను కింద పడింది. దొర్లుకుంటూ పోయినా ఎవరూ తీయలేదు.

"చెప్పండి మేడమ్" అన్నాడు.

"బండి ఎడమకు ఒరుగుతోందండీ" అన్నాను.

మేడమ్‌ట. నేను మాత్రం తక్కువ తిన్నానా, అండీ అన్నాను.

సబ్బు నురగ తెచ్చి ఎడమ తిత్తి మీద కొట్టాడు. నురగ బుడబుడమని పొంగింది. "ఇదిగోండి, పగిలింది. కొత్తది తెప్పించాలి. మూడు రోజులు." అన్నయ్య మాట్లాడింది అంతే. వచ్చేటప్పుడు వదిన గుమ్మం దాకా వచ్చి, ఏదో అనబోయి, "ఎండగా ఉంది, జాగ్రత్త" అంది.

అసలు గొడవ కూడా రాసేస్తాను, మనసులో నానబెట్టుకోవడం కంటే.

పాత ఇనప సామాన్లు కొనేవాడి కాటా అది. నాలుగు కాళ్ల ప్లాట్‌ఫారం కాటా. అప్పట్లో నాన్న కాటాల కొట్టులో ముగ్గురం పని చేసేవాళ్లం; అన్నయ్య దాన్ని షెడ్డులో పెట్టి బాగుచేశాడు. ఇచ్చేసేముందు చుక్కల మీద పెట్టి నేను రాళ్లు వేశాను. నూరు కిలోలకి అరకిలో తక్కువ చూపించింది. కొనేవాడికి తక్కువ చూపించే కాటా అంటే రోజూ లాభమే. అన్నయ్య వాడి దగ్గర డబ్బు తీసుకుని కావాలనే తిప్పాడని నాన్నతో చెప్పాను. నాన్న పిలిచి "ఇదేంటిరా" అన్నాడు. అన్నయ్య మళ్లీ రాళ్లు వేశాడు, మళ్లీ తీశాడు, మూడోసారి వేశాడు. అరకిలో. నోట మాట లేదు. మాట లేకపోవడమే తప్పు ఒప్పుకోవడం అనుకున్నాడు నాన్న. అన్నయ్య ఆ మధ్యాహ్నమే వెళ్లిపోయాడు, కాటాలు వదిలేసి బండ్ల పనిలో చేరాడు. నాన్న కాటా యజమానికి ఇంకో కాటా ఇచ్చి పంపి, దీన్ని షెడ్డులో పడేశాడు. తర్వాత నాలుగేళ్లకి నాన్న పోయిన రోజున అన్నయ్య వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టలేదు. నేను పిలవలేదు.

జూన్ 12

కొత్త తిత్తి వేశాడు. వేడి మీట కూడా బాగుచేశాడు, చెప్పకుండానే. కప్పు నీళ్లు పోయే గొట్టంలో ఎండుటాకులు ఇరుక్కున్నాయట, తీసేశాడు. వాటికి బిల్లు వేయలేదు. వేయమన్నాను. వినిపించుకోలేదు.

ఇంటికి తెచ్చి గచ్చు మీద పెట్టి రసమట్టం చూశాను. నాలుగు గీతలు కాదు గానీ, రెండు. రెండు గీతలు కుడికి.

జూన్ 13

రెండు గీతలు.

జూన్ 14

రెండు. మధ్యాహ్నం కూడా రెండు.

జూన్ 16

రసమట్టం తీసుకుని గ్యారేజీకి వెళ్లాను. అక్కడ డిక్కీలో పెడితే బుడగ నట్టనడుమ నిలబడింది. మర్యాదస్తురాలిలా.

"ఇక్కడ సరిగ్గానే ఉంది కదండీ" అన్నాడు.

"ఇంటి దగ్గర లేదండీ, రెండు గీతలు ఎడమ పల్లం. అయితే మీ గ్యారేజీ నేలే వంకరై ఉండాలి."

వదినకి కోపం వచ్చింది. "అదేం మాట? పోయినేడాదే మేస్త్రీని పెట్టి..."

"నువ్వుండు" అన్నాడు అన్నయ్య. నా వైపు తిరిగి "ఇంటి దగ్గర ఎక్కడ పెట్టి చూశారు?" అన్నాడు.

"గచ్చు మీద. చుక్కల పైన."

చేతులు తుడుచుకున్నాడు, తుడిచిందే తుడుచుకున్నాడు. "అయితే నా నేలే తప్పు. ఆ గచ్చు అబద్ధం చెప్పదు. ఎడమ పక్క రెండు గీతలు లేపుతాను, రెండు రోజులు ఉంచండి."

నా మాట నెగ్గింది. నెగ్గితే ఉండాల్సినంత సంతోషం మాత్రం లేదు, ఎందుకో.

జూన్ 19

బండి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి చుక్కల మీద పెట్టాను. బుడగ నట్టనడుమ! మా ఆయన్ని బాత్రూములోంచి పిలిచి మరీ చూపించాను. సబ్బు మొహంతో వచ్చి "అయితే దొరగారికి నయమైంది. ఇక మీ అన్నయ్య దగ్గరికి వెళ్లే పని లేదన్నమాట" అన్నారు.

లేదు కదా. మంచిదే. ఇంకా సర్వీసింగ్ ఉంటుందనుకోండి. నూనె మార్చాలి. అద్దం ఒకటి దిగితే ఎక్కడం లేదు.

జూన్ 24

క్వారీకి వెళ్లాను, పాతిక రాళ్లతో.

ముందు మంచి సంగతి. అద్దె జీపు ఆయాసపడి ఆగిపోయే మలుపు దగ్గర దొరగారు ఒక మీట నొక్కగానే నాలుగు వేళ్లు పైకి లేచి, కంకర గుంతలో దిగి, అవతలికి ఎక్కేశారు. లోపల నాకు కప్పులో టీ ఒలకలేదు. ఒక్కదాన్నే ఉన్నాను కదా అని గట్టిగా ఈల వేశాను. యాభై ఏళ్లు వచ్చాయి నాకు.

ఇప్పుడు చెడ్డది. పైన మెలికల దారిలో ఎడమకు తిరిగినప్పుడల్లా డిక్కీలో రాళ్లు ధన్ ధన్‌మని కుడికి జారాయి. నాలుగో మలుపులో బండి మొత్తం కుడివైపు తూలింది. అటు లోయ. మిగతా దారంతా నడిచినంత మెల్లగా వెళ్లాను.

క్వారీ గుమాస్తా వేళాకోళం మనిషి. బండిని లారీ కాటా పలక మీదికి ఎక్కించగానే దూరం నుంచి చూసి "ఏం మేడమ్, మీ బండికి మెడ పట్టేసిందా? కుడికి వాలింది" అన్నాడు.

"దారి అలా ఉంది" అన్నాను.

"దారి కాదు మేడమ్, ఇది కాటా పలక. సమంగా ఉందని మీరే సంతకం పెట్టారు పోయినసారి."

నాకు తల కొట్టేసినట్టయింది. అంటే ఇంట్లో సమంగా ఉన్న బండి ఇక్కడికి వచ్చేసరికి ఒరిగింది. నా రాళ్లు, నా ప్రాణం వేసుకుని లోయ పక్కన వెళ్లే బండి. ఎంత నిర్లక్ష్యం ఉండాలి పనిలో?

జూన్ 25

గ్యారేజీకి వెళ్లి నేను అన్న మాటలు అన్నట్టే రాస్తాను.

"నన్ను చంపేద్దామనుకున్నావా? అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. నీ చెయ్యే అంత."

కోపంలో మీరు పోయి నువ్వు వచ్చేసింది. తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి నువ్వు అన్నది ఇందుకు.

అన్నయ్య స్పానర్ బల్ల మీద పెట్టాడు. విసిరి ఉంటే బాగుండేది. "అవును. నా చెయ్యే అంత" అన్నాడు. "నాన్న గచ్చుకి నా పని ఎప్పుడూ సరిపోలేదు. బండి వేరే చోటికి తీసుకెళ్లండి మేడమ్. నేను ముట్టుకోను."

జూన్ 26

ఏమీ రాయాలని లేదు.

జూన్ 29

మా ఆయన స్కూటర్ బ్రేకులు తొమ్మిదేళ్లుగా ఎవరు బాగుచేస్తున్నారో ఇవాళ తెలిసింది. "బావ దగ్గరికి నేను ఎప్పుడు వెళ్లడం మానేశాను కనక? గొడవ మీ ఇద్దరిది, నా బ్రేకులది కాదు" అంటున్నారు. ఇంట్లో దొంగని పెట్టుకుని ఊరంతా కాపలా కాశాను!

ఆయన మీద అరుస్తుంటేనే వదిన ఫోన్ చేసింది. నాలుగు రోజులుగా గ్యారేజీ తెరవలేదట.

"ఎవరి బండీ ముట్టుకోనంటున్నారు. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఎలాగ, నా చెయ్యి మంచిది కాదు అంటున్నారు. అన్నం దగ్గర కూర్చుని లేచిపోతున్నారు. నీకో సంగతి చెప్పనా? ఇన్నేళ్లూ ఏ కొట్టుకి వెళ్లినా అక్కడి కాటా ముందు నిలబడిపోతారు. డబ్బు ముట్టలేదే నేను, అయినా అరకిలో ఎలా పోయింది అంటారు. నన్నే అడుగుతారు. నేనేం చెప్పను?"

ఫోన్ పెట్టేశాను.

డబ్బు ముట్టలేదట.

దొంగ అయితే అరకిలో ఎలా పోయిందో వాడికి తెలిసి ఉండాలి కదా. తెలియక తొమ్మిదేళ్లు అడుగుతాడా?

జూన్ 30

బండి అమ్మేస్తే పోతుంది.

అమ్మను.

జూలై 1

పొద్దున దొరగారిని కడగడం మొదలుపెట్టాను. క్వారీ దుమ్ము వారం నుంచి అలాగే ఉంది. నాన్న ఆ గచ్చు మీద చుక్క నీళ్లు పడనిచ్చేవాడు కాదు, తడి పారితే కింద మట్టి కదులుతుందని. ఆయన పోయాక కూడా ఎవరం పోయలేదు. ఇవాళ మనసు బాగాలేదు, ఎక్కడ కడుగుతున్నానో చూసుకోలేదు. బకెట్ ఎత్తి పోసేశాను.

నీళ్లు పారాయి.

సమంగా ఉన్న నేల మీద నీళ్లు పరుచుకోవాలి. పారకూడదు. ఇవి చుక్కల మీదుగా, బండి కింద నుంచి, ఏదో పని ఉన్నట్టు ఎడమకు వెళ్లి ఎడమ అంచున గుమిగూడాయి. ఇంకో బకెట్ పోశాను. అవీ అటే పోయాయి. మూడోది పోశాను. మా ఆయన టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని వచ్చి "దొరగారికి స్నానమా, గచ్చుకా?" అన్నారు.

బండిని వీధిలోకి తీశాను. గచ్చు తుడిచాను. రసమట్టం చుక్కల మధ్య, నేల మీదే పెట్టాను. జీవితంలో మొదటిసారి.

రెండు గీతలు కుడికి.

రసమట్టమే తప్పేమో అని తిప్పి పెట్టాను. అయినా బుడగ అటే పోయింది.

ఎడమ అంచు పక్కన కుళాయి పైపు ఉంది. పదేళ్ల కిందట నేనే పట్టుబట్టి వేయించాను, వంటింట్లోకి నీళ్లు మోయలేక. పైపు దగ్గర మన్ను తడిగా ఉంది, నేను పోసిన నీళ్లు కాదు, ఎప్పటిదో పాత తడి. వేలు పెడితే దిగబడింది. పైపు వేసిన కొత్తలోనే గచ్చు కింద మట్టి కరిగి, ఆ పక్క దిగి ఆగిపోయి ఉండాలి.

బండిని నేనే వంకర చేయించాను, వంకర నేలకి సరిపోయేలా. అన్నయ్య నా మాట విని చేశాడు. క్వారీలో ఉన్న పలకే నిజం చెప్పింది.

ఇంకోటి కూడా తోచింది. రాయడానికి చెయ్యి రావడం లేదు. రేపు చూసి రాస్తాను.

జూలై 2

షెడ్డులోంచి ఆ కాటాని బయటికి తెచ్చాం. మా ఆయన ఒక పక్క, నేనొక పక్క. తొమ్మిదేళ్ల దుమ్ము. పలక కింద మీటలు ఆనే కత్తి అంచులు తుడిచి, నూనె వేసి, నాలుగు కాళ్లూ చుక్కల మీద పెట్టి అయిదు రాళ్లు వేశాను. అరకిలో తక్కువ. నాన్న రిజిస్టరులో ఆ రోజు తేదీ ఎదురుగా నా రాతలో ఉన్నదే. గ్రాము తేడా లేదు.

తర్వాత ఎడమ కాళ్ల కింద పెంకు ముక్కలు పెట్టి, కాటా పలక మీద రసమట్టం ఉంచి, బుడగ నడుమకి వచ్చేదాకా సర్దాను. మళ్లీ అయిదు రాళ్లు.

తేడా: సున్నా.

జూలై 2, మళ్లీ

కాటా బాగానే చేశాడు. తొమ్మిదేళ్ల కిందటే బాగా చేశాడు.

ముందు నేల చూసుకో. ఊళ్లో ప్రతి కొట్టువాడికీ నేను చెప్పే మాట ఇది. చుక్కల మీద ముగ్గురం చూడలేదు. నాన్న పోశాడు కాబట్టి నేను చూడలేదు. అన్నయ్యా అందుకే చూడలేదు. పోసినవాడు కాబట్టి నాన్నా చూడలేదు. ఇన్నేళ్లూ ఈ చుక్కల మీద సరిచూసి పంపిన కాటాలన్నీ ఇక ఒక్కొక్కటిగా మళ్లీ చూడాలి.

మా ఆయన "పొరపాటే కదే, ఎవరికైనా జరుగుతుంది" అంటున్నారు. అరకిలో పొరపాటే. కాటా చెప్పింది అరకిలో వరకే. డబ్బు మాట కాటా చెప్పలేదు. అది నేను చెప్పాను. ఎందుకు చెప్పానో కూడా నాకు తెలుసు. నాన్న కొట్టు అన్నయ్యకి వెళ్తుందని ఊళ్లో అందరూ అంటుంటే, వాడికంటే నాకే పని బాగా వచ్చు అని కడుపులో మంటగా ఉండేది. అరకిలో కనబడగానే ఆ మంటకి దారి దొరికింది.

తొమ్మిదేళ్లలో ఈ వాక్యం రాయడం ఇదే మొదలు.

జూలై 3

కాటాని, రాళ్లని డిక్కీలో వేసుకుని వెళ్లాను. మూసి ఉన్న గ్యారేజీ షట్టర్ వదిన తీసింది. అన్నయ్య లోపల కుర్చీలో ఖాళీగా కూర్చుని ఉన్నాడు. ముందు నేల మీద రసమట్టం పెట్టాను. బుడగ నడుమ. కాటా దించి పెట్టాను. రాళ్లు వేశాను.

"చదువు" అన్నాను.

రాలేదు. వదిన వెనకనుంచి చెయ్యి వేసి లేపింది. వచ్చి వంగి చూశాడు. రాళ్లు తీసేశాడు. వేశాడు. తీశాడు. ఎన్నిసార్లో లెక్క లేదు. సున్నాయే వస్తోంది. ఏ కాటా అని అడగలేదు. తన చేతి పనిని మనిషి మరిచిపోడు.

"గచ్చు ఎడమకు వంగిపోయింది" అన్నాను. "రెండు గీతలు. అప్పటికే వంగింది. నీ కాటా సరిగ్గానే ఉంది. బండీ సరిగ్గానే చేశావు. నీ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు అన్నయ్యా."

"మరి డబ్బు సంగతి?"

"అది నేను కల్పించాను. కొట్టు నాకు రావాలని. నన్ను క్షమించు."

కాటా అంచు పట్టుకుని నిలబడ్డాడు. "తొమ్మిదేళ్లు" అన్నాడు. "నా చెయ్యి నేనే నమ్మలేదు తొమ్మిదేళ్లు." "వెళ్లండి మేడమ్" అని లోపలికి వెళ్లిపోయాడు.

కాటా అక్కడే వదిలేసి వచ్చాను.

జూలై 4

రాలేదు. రావాలని ఏముంది?

జూలై 5

గ్యారేజీ తెరిచాడట. మా ఆయన వార్త మోసుకొచ్చారు, ఈసారి దొంగతనంగా కాదు. రెండు బండ్లు లోపల ఉన్నాయట. వాడు మునుపటిలా ఈల వేస్తూ పని చేస్తున్నాడా అని అడిగాను. "ఈల లేదు. పని ఉంది" అన్నారు.

చాలు. నాతో మాట్లాడకపోయినా చాలు.

చాలదు. కానీ చాలు.

జూలై 7, ఆదివారం

పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. కిటికీలోంచి చూశాను, అన్నయ్య. చేతిలో రసమట్టం. గేటు అవతలే, నాన్న పోయిన రోజున ఎక్కడ నిలబడ్డాడో సరిగ్గా అక్కడే. గేటు తీసే ఉంది. లోపలికి రాడు, వెళ్లిపోడు.

నేను బయటికి వచ్చాను. అప్పుడు పిలవని దాన్ని, ఇప్పుడు ఏ మొహంతో పిలవను?

వెనకనుంచి పీ పీ అని విజిల్ వినిపించింది.

మా ఆయన లుంగీలో మెట్ల మీద నిలబడి, దొరగారిని వెనక్కి రప్పించినట్టే రెండు చేతులూ ఊపుతూ, పీ పీ, పీ పీ. అన్నయ్య ఆయన్ని చూశాడు. నన్ను చూశాడు. మొహం బిగబట్టుకోవాలని చూశాడు, ఆగలేదు, పకపకా నవ్వేశాడు. నవ్వుతూనే లోపలికి వచ్చేశాడు. గచ్చు అంచు దగ్గర మా ఆయన పొడుగ్గా పీ అన్నారు. ఆగాడు.

మోకాళ్ల మీద కూర్చున్నాడు. రసమట్టం పెట్టాడు, చూశాడు, తిప్పి పెట్టాడు, మళ్లీ చూశాడు. ఎర్ర చుక్క మీద వేలితో రుద్దాడు.

"పిచ్చి నాన్న" అన్నాడు. "మన ముగ్గురిలో ఒక్కళ్లం, ఒక్కసారి చూసి ఉంటే..."

"ఎవరం చూస్తాం? నాన్న పోసిన గచ్చు."

"అది సరే గానీ, నాకు కోపం ఉంది నీ మీద" అన్నాడు, గచ్చు వైపే చూస్తూ. "ముందే చెప్తున్నా. నవ్వానని పోయిందనుకోకు. ఇంకొన్నాళ్లు ఉంటుంది."

"ఉంచుకో. నువ్వు ఎన్నాళ్లంటే అన్నాళ్లు."

"ఉంచుకుంటా. టీ పెట్టవే తులం."

టీ పెడుతూ వంటింట్లో ఏడ్చాను. వీధిలోకి వినిపించేలా ఏడ్చాను. పంచదార రెండుసార్లు వేశాను. ఎవరూ ఏమీ అనకుండా తాగారు.

తర్వాత దొరగారిని వీధిలో సమంగా ఉన్న చోట పెట్టి, ఎడమ పక్క తాను లేపిన రెండు గీతలూ దించేశాడు. పైపు లీకు నేనూ మా ఆయనా తవ్వి పట్టుకున్నాం. గచ్చు పగలగొట్టి కొత్తది పోయిద్దామా అని అడిగాను, మనసులో వద్దనుకుంటూనే. వాడూ వద్దన్నాడు. "ఉండనీ. తేడా తెలిసిన కాటాతో పని చేసుకోవచ్చు. తేడా రాసి పెట్టుకుంటే చాలు." ఎర్ర రంగు డబ్బా తెచ్చి చుక్కల పక్కన తనే రాశాడు: ఎడమకు రెండు గీతలు. రాత చిన్నప్పటిలాగే ఉంది, వంకర టింకరగా.

జూలై 10

క్వారీ. రాళ్లు కదల్లేదు. కాటా పలక మీద గుమాస్తా చుట్టూ తిరిగి చూసి "మెడ సర్దుకుంది మేడమ్, ఏ డాక్టరు?" అన్నాడు. మా అన్నయ్య అన్నాను. గట్టిగా అన్నాను, పక్కన లారీల వాళ్లకి కూడా వినిపించేలా.

జూలై 15

పొద్దున గచ్చు మీద దొరగారి డిక్కీలో రసమట్టం పెట్టాను, అలవాటు కొద్దీ. బుడగ నట్టనడుమ నిలబడి ఉంది.

మా ఆయన కాఫీ కప్పుతో వచ్చి చూసి "ఇంకేం, సమంగా ఉంది" అన్నారు.

"సమంగా ఉండకూడదండీ. నేల రెండు గీతలు ఎడమకు ఉంటే, బండి సమంగా ఉందంటే కుడి పక్క దిగినట్టు. కుడి తిత్తి కారుతోంది."

"నీ మొహం వెలిగిపోతోందేంటి? బండి చెడిపోతే ఏడవాలి గానీ."

నిజమే, నవ్వు ఆగడం లేదు. ఈ పుస్తకం మొదటి పేజీ తిప్పి చూశాను. బండి కొన్నది క్వారీల కోసం అని ఉంది. కొట్టేయలేదు. నాన్న కూడా రిజిస్టరులో ఏదీ కొట్టేసేవాడు కాదు, పక్కన తేడా రాసేవాడు. నేనూ రాశాను. అన్నయ్య కోసం.

తర్వాత ఫోన్ చేశాను.

"మణుగన్నయ్యా, దొరగారు ఈసారి కుడికి దిగారు."

"తీసుకురా. వదిన భోజనానికి ఉండమంటోంది" అన్నాడు. నేను పెట్టేయబోతుంటే "ఏయ్ తులం, ముందు నేల చూశావా?" అన్నాడు.

"చూశాను" అన్నాను.